పునర్వివాద కేంద్రం నుంచి గుంటూరు అబ్బాయికి

ప్రశ్న చదవకుండా నేరుగా ఇక్కడికి వచ్చేవాళ్ల కోసం ముందు సంగతేమిటో చెబుతాను.

అడిగిన అబ్బాయిది గుంటూరు. వయసు 38. 2021లో కరోనా రెండో వేవ్‌లో భార్య పోయింది. తొమ్మిదేళ్ల పాప ఉంది. మిర్చి వ్యాపారం. 2024లో తేజ రకం క్వింటా 18 వేల చొప్పున కొని, ఇంకా పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. పెరగలేదు. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే, రైతును ఆదుకోవడానికి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. కోల్డ్ స్టోరేజీ సరుకు పట్టుకొని కూర్చున్న ఇతని లాంటివాళ్లను ఆదుకునేవాళ్లు ఎవరూ లేరు. తేలిన అప్పు 23 లక్షలు. ఇప్పుడు అదే మిర్చి యార్డులో వేరొకరి కమీషన్ కొట్లో గుమాస్తా.

బ్యాంకు కాగితాల కోసం బ్రాడీపేటలో ఒక జిరాక్స్ షాపుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ షాపు నడిపేది విడాకులైన ఒకావిడ. ఇతను యార్డు నుంచి తిన్నగా వెళ్తాడు కాబట్టి, చొక్కాకు పట్టిన ఘాటు ఇతనికంటే ముందు లోపలికి వెళ్తుంది. ఆవిడ తలెత్తకుండానే ఒక తుమ్ము తుమ్మి, "రండి, కూర్చోండి" అంటుందట. నెల రోజుల్లో ఒక్క ఆధార్ కార్డునే పదకొండుసార్లు జిరాక్స్ తీయించాడు. పదకొండోసారి ఆవిడ కార్డు తిరిగిస్తూ, "ఇంకోసారి తీస్తే మీ ఫోటో అరిగిపోతుందండీ" అందట. ఇతను రోడ్డు మీదికి వచ్చి, బండి స్టాండు తీయకుండానే కూర్చొని నవ్వాడట. భార్య పోయాక అలా నవ్వడం అదే మొదటిసారి. ఆ రాత్రి నిద్ర లేదు, ఏదో తప్పు చేసినట్టు.

అతను రాసిన ఒక మాట నన్ను పట్టుకుంది: "నాలుగేళ్లు యార్డులో ఏడ్చాను, ఎవరికీ తెలియలేదు. అక్కడ అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. నవ్వితే మాత్రం అందరూ తిరిగి చూశారు."

అడిగినవి మూడు. ఇంత అప్పున్నవాడు ఇలాంటివి ఆలోచించొచ్చా? నవ్వితే పోయిన మనిషికి ద్రోహం చేసినట్టా? పాపకూ అత్తమామలకూ ఎలా చెప్పాలి?

బాబూ, నాకు 61. మా వాడిదీ నీ వయసే కాబట్టి నువ్వు అంటాను, ఏమనుకోకు.

నేను విజయవాడలో 2002 నుంచి రెండో సంబంధాలు చూస్తున్నాను. మొదటి పెళ్లిళ్లు చూసేవాళ్లు వీధికి నలుగురున్నారు, ఆ జోలికి పోను. భర్త పోయినవాళ్లు, భార్య పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వీళ్లే నా పార్టీలు. ఈ పనిలోకి సరదాకి రాలేదు. మా మొదటాయనకు ఆటోనగర్‌లో ఒక లారీ ఉండేది. వాయిదాలు తప్పాయి. ఫైనాన్సు వాళ్లు సరుకుతో సహా రోడ్డు మీదే ఆపి పట్టుకుపోయారు. ఆ తర్వాత ఎనిమిది నెలలకు, 1999లో, గుండెపోటుతో ఆయన పోయారు. నాకు 35, మా వాడికి 12. మా అత్తగారు నాతోనే ఉండిపోయింది.

పదిమందితో కలిసిపోయే నోరు ఉందని, దీన్నే పనిగా పెట్టుకోమన్నది ఆవిడే. సరే, కార్డులు కొట్టించుకుందామని గవర్నర్‌పేటలో ఒక సందులో చిన్న ప్రెస్సుకు వెళ్లాను. అక్షరాలు చేత్తో పేర్చి, కాలితో తొక్కే మిషను మీద కొట్టే పాతకాలపు ప్రెస్సు. 500 కార్డులు, 400 రూపాయలు. బ్యాలెన్సు తర్వాత ఇస్తానని కూడా అనలేదు, అసలు డబ్బే తర్వాత ఇస్తానన్నాను. ఆయన సరే అన్నాడు. (అలా సరే అనబట్టే ఆ ప్రెస్సు అలా ఉంది.)

కార్డులు వచ్చాయి. దాని మీద "పునర్వివాహ సమాచార కేంద్రం" అని ఉండాలి. "పునర్వివాద సమాచార కేంద్రం" అని ఉంది.

ఐదొందల కార్డులూ అంతే.

వెళ్లి గొడవ పెట్టుకున్నాను. ఆయన కార్డు కళ్లజోడుకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశాడు. "మాఘమాసమండీ. హ అక్షరాలన్నీ వివాహ మహోత్సవ ఆహ్వానాల్లో ఇరుక్కుపోయి ఉన్నాయి. కుర్రాడు దొరికింది పెట్టేశాడు" అన్నాడు. అంత నెమ్మదిగా చెబితే ఎలా తిట్టాలో తెలియలేదు. ఊరికే మళ్లీ కొట్టిస్తానన్నాడు. అప్పటికే ఆయన అరలో కాగితాలు అడుగంటి ఉండడం చూశాను. వద్దన్నాను. ఆ కార్డులే పంచాను.

నా దగ్గరికి వచ్చిన మొదటి పార్టీ నవ్వుకుంటూ వచ్చింది. రెండో పార్టీ, "అమ్మా, మొదటి వివాదం ఒకటి అయిపోయింది, రెండోది మీరే చూడాలి" అంటూ వచ్చింది. భార్యో భర్తో పోయి, మొహం వేలాడేసుకొని గడప తొక్కాల్సిన మనుషులు నవ్వుతూ లోపలికి వస్తే సగం పని అయిపోయినట్టే. ఆ 400 ఎగ్గొట్టడానికి మనసొప్పలేదు. ఆయన వద్దన్నా, నెలకు 50 చొప్పున ఇస్తానన్నాను. ఒకటో తారీఖున వచ్చి పట్టుకెళ్లేవాడు. వాకిట్లో సైకిలు ఆగిన చప్పుడు వినగానే మా అత్తగారు లోపలికి కేకేసేది: "వివాదం వచ్చింది, కాఫీ కలుపు!"

ఏడు నెలలు ఏడు యాభైలు ఇచ్చాను. ఎనిమిదోది ఇవ్వలేదు.

నీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. అది తేలకపోతే మిగతా రెండూ ఎంత చెప్పినా నీకు ఎక్కవు.

2004లో కృష్ణా పుష్కరాలు. మా వాడి చేత వాళ్ల నాన్నకు పిండప్రదానం చేయించాలని దుర్గా ఘాట్‌కు వెళ్లాం. ఇసక వేస్తే రాలనంత జనం. ఒక పురోహితుడు పన్నెండు మందిని వరసగా కూర్చోబెట్టి అందరికీ ఒకేసారి మంత్రం చెబుతున్నాడు. మా వాడి పక్కన ఖాళీ ఉంటే ఒకాయన వచ్చి కూర్చున్నాడు. చూద్దును కదా, ప్రెస్సు ఆయన. వాళ్లావిడ కిడ్నీ జబ్బుతో పోయిందని నాకు అప్పటికి తెలుసు, అంతకుమించి ఎప్పుడూ అడగలేదు.

గోత్రం, పేరు చెప్పించే దగ్గర పురోహితుడికి వరస తప్పింది. మా వాడి చేత ప్రెస్సు ఆయన భార్య పేరు చెప్పించాడు. వీడు పదిహేడేళ్ల పిల్లాడు, చెప్పమన్నది చెప్పాడు. ఆయన చేతేమో మా ఆయన పేరు చెప్పించి, చివర "ధర్మపత్నీం" అని తగిలించాడు. మా ఆయన ఆరడుగుల మనిషి. గుబురు మీసం. లారీ ఓనరు. నదీతీరాన నిలువునా ధర్మపత్ని అయిపోయాడు.

ప్రెస్సు ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తీరా చూస్తే నవ్వు ఆపుకుంటున్నాడు, పళ్లు బిగబట్టి, చేతిలో నువ్వులు జారిపోతూ. అది చూసి నాకూ ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా వాడు ఇద్దరినీ కొరకొరా చూశాడు. తప్పు జరిగిందని చెబితే పురోహితుడు ఏమన్నాడో తెలుసా? "ఫరవాలేదమ్మా, చేరాల్సినవాళ్లకు చేరుతుంది." మళ్లీ మొదలెట్టించడానికి పెద్ద గొడవే అయింది.

ఇంటికి వచ్చేటప్పుడు నాకూ నీలాగే అయింది. ఛీ, ఏం మనిషిని, మొగుడి పిండం దగ్గర నవ్వానని. రాత్రి మా అత్తగారి పక్కన కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొడుకును పోగొట్టుకున్న తల్లి, తిట్టినా పడదామనుకున్నాను. ఆవిడ మొత్తం విని, ధర్మపత్ని దగ్గర ఇంకోసారి చెప్పించుకొని, కళ్లు తుడుచుకుంటూ, "వాడుంటే ఈపాటికి ఆటోనగర్ అంతా చెప్పుకొని నవ్వేవాడు" అంది.

నిజమే. ఆయన అలాంటి మనిషే. ఐదేళ్లుగా నేను గుర్తు పెట్టుకున్నది లారీ పోయాక గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని. అంతకు ముందు పన్నెండేళ్లు నన్ను నవ్వించిన మనిషిని మర్చిపోయాను. ఆ రోజు ఘాట్‌లో ఆయన నాకు మళ్లీ దొరికాడు.

కాబట్టి నువ్వు చేయాల్సిన పని ఒకటే. మీ ఆవిడకు ఈ ఆధార్ సంగతి చెబితే ఏమనేదో ఆలోచించు. పోయినవాళ్లంటే ఫోటోలో ఉన్నట్టు బొట్టు పెట్టుకొని నిలబడి చూస్తూ ఉంటారని అనుకోకు. నోరున్న మనిషిగా గుర్తు తెచ్చుకో. "పదకొండుసార్లా? నా రేషన్ కార్డు ఒక్కసారి జిరాక్స్ తెమ్మంటే నెల తిప్పావు కదయ్యా" అని ఉండేదా లేదా?

మా ఇంట్లో మొదటాయన ఫోటో ఇవాళ్టికీ హాల్లోనే ఉంది. దాని మీద కూడా ఒక సంగతి చెప్పాలి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు మా సింగ్‌నగర్ మీద పడింది. మాది కింది వాటా. మధ్యాహ్నానికి నడుము లోతు, సాయంత్రానికి ఛాతీ దాటింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారని తర్వాత తెలిసింది. అప్పటికి మేం పైవాటా వాళ్ల మెట్ల మీద కూర్చొని, డ్రోన్ ఎవరి మేడ మీద పొట్లాలు దింపుతుందా అని చూస్తున్నాం. ఫ్రిజ్ పడవలా తేలుతోంది. బియ్యం డబ్బా పోయింది. మా ప్రెస్సు ఆయన "ఒక్క నిమిషం" అని దిగాడు. అరవై ఆరేళ్ల మనిషి. నేను అరుస్తూనే ఉన్నాను. కాసేపటికి ఛాతీ లోతు నీళ్లలోంచి మా మొదటాయన ఫోటో నెత్తి మీద పెట్టుకొని వచ్చాడు.

"గ్యాస్ పుస్తకం తేవాల్సింది" అన్నాను. ఇంకేమనాలో నోటికి రాలేదు మరి.

నీళ్లు తీశాక నా ఫైళ్లన్నీ ముద్ద. ఇరవై రెండేళ్ల బయోడేటాలు. ఒక్కొక్కటీ విడదీసి మేడ మీద దండేలకు క్లిప్పులు పెట్టి ఆరేశాడు. ఆ వారం మా మేడ మీద వధూవరులు వరసగా వేలాడుతూ గాలికి ఊగుతుంటే, పక్కింటి పిల్లలు వచ్చి చూసి పోయేవాళ్లు. రెండు బయోడేటాలు ఎంత లాగినా ఊడనంతగా అతుక్కుపోయాయి. దేవుడే కలిపాడని ఆ ఇద్దరికీ ఫోన్లు కూడా చేశాను. వాళ్లకు పెళ్లయిందని రాస్తే బాగుంటుంది గానీ, కాలేదు. ఇద్దరిదీ ఒకే గోత్రం. పైగా ఆవిడకు అతను రాసిన ఉత్తరం నచ్చలేదు.

ఇక అప్పు సంగతి. ఇది జాగ్రత్తగా చదువు.

అప్పున్నవాడు పెళ్లి ఆలోచన చేయకూడదంటే ఈ రెండు జిల్లాల్లో సగం మందికి పెళ్లిళ్లు కావు. అప్పు ఉండడం వల్ల సంబంధం చెడిపోవడం నేను చాలా తక్కువ చూశాను. దాచడం వల్ల చెడినవి లెక్కలేవు. ఒకతను ఆరు లక్షలు దాచి పెళ్లి చేసుకున్నాడు. పదహారు రోజుల పండగనాడే అప్పులాయన ఇంటికి వచ్చాడు. మగపెళ్లివారి తాలూకు చుట్టం అనుకొని ఆడపెళ్లివారు విస్తరి వేసి, కొసరి కొసరి వడ్డించారు. ఆయన పెరుగన్నం దాకా ఆగి, చేయి కడుక్కొని, ప్రోనోటు బయటికి తీశాడు. మూడో నెలలో ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లింది. "ఆరు లక్షలకు కాదండీ, ఆ అప్పులాయన పక్కనే కూర్చొని ఆయనకు పప్పు వడ్డించమని నాతో చెప్పాడు, అందుకు" అంది నాతో.

మా ప్రెస్సు ఆయన తన అప్పు సంగతి ఎలా చెప్పాడో విను. 2005 మొదట్లో ఒక రోజు, ఒకటో తారీఖు కాని రోజున వచ్చాడు. చేతిలో కవరు. తీస్తే పెళ్లి కార్డు. బంగారు అంచు, పైన పసుపు రంగు వినాయకుడు, కింద శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. నా గుండె జారిపోయింది, ఈయన ఎవరినో చేసుకుంటున్నాడని. లోపలికి తిప్పితే ఇలా ఉంది:

బాకీల వివరం. మిషను మీద అప్పు 62,000. పేపరు కొట్టు 18,600. పాడుకున్న చిట్టీలో కట్టాల్సినది 24,000. మందుల షాపు 3,150. ఇంటి అద్దె నాలుగు నెలలు, 4,400. బావమరిది దగ్గర చేబదులు 10,000. వెరసి 1,22,150. కింద గీత గీసి, రావలసినవి: పునర్వివాద సమాచార కేంద్రం వారు, 50.

వేరే కాగితం ఏదీ మిగల్లేదట, పెళ్లి కార్డుల అట్ట మాత్రమే ఉందట. కూర్చొని నాలుగుసార్లు ప్రూఫు దిద్ది, ఒక్క కాపీ కొట్టాడు. "ఇందులో తప్పులు లేవండి, చూసుకున్నాను" అన్నాడు. ఆ మాట తప్ప ఇంకే మాటా మాట్లాడలేదు.

లోపలి నుంచి మా అత్తగారు కార్డు లాక్కొని దూరంగా పెట్టుకొని చదివింది. ఆవిడది రాజమండ్రి. "మా ఊళ్లో వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న చేయించారు మొదటిది. మీ ఇద్దరూ నూట ఇరవై మూడేళ్లు ఆలస్యం. ఇంకా ఏం చూస్తున్నారు?" అంది. కొడుకు పోయిన ఇంట్లో కోడలికి పెళ్లి మాట అత్తగారి నోట్లోంచి రావడం మా బంధువుల్లో కొందరికి ఇప్పటికీ మింగుడు పడలేదు. వాళ్ల సంగతి వదిలేయ్.

గుళ్లో పెళ్లి చేసుకొని రిజిస్టర్ చేయించుకున్నాం. దానికి పోయినవాళ్ల మరణ ధ్రువపత్రాలతో పాటు పెళ్లి కార్డు కూడా అడిగారు. ఈసారి హ అక్షరాలు నేనే దగ్గరుండి లెక్కపెట్టాను. మిషను తర్వాత ఆటోనగర్‌లో తూకానికి పోయింది. అప్పు మొత్తం తీరడానికి ఆరేళ్లు పట్టింది.

నీ 23 లక్షలు ఎలా ఉన్నాయో నువ్వు రాశావు: బ్యాంకుకు 14, ప్రోనోట్ల మీద ఆరున్నర, చేబదుళ్లు రెండున్నర. నన్నడిగితే నిన్ను తినేసేది బ్యాంకు కాదు. ఆ ఆరున్నర నూటికి రెండు రూపాయల వడ్డీ అన్నావు, అంటే నెలకు పదమూడు వేలు వడ్డీకే. అసలు అంగుళం కదలదు. ముందు అది తగ్గించే దారి చూడు. ఆ నోట్ల తేదీలూ చూసుకో. ప్రోనోటుకు మూడేళ్లు గడువు కాబట్టి, ఆ లోపల తిరగరాయమని వాళ్లు వస్తారు. అలా వచ్చినప్పుడు, "ఇంట్లోవాళ్ల సంతకం కూడా ఒకటి పెట్టించు" అంటారు. అక్కడ గట్టిగా ఉండాలి. భర్త చేసిన అప్పుకు భార్య జామీను గానీ, తోడు సంతకం గానీ పెట్టకపోతే ఆమె బాధ్యురాలు కాదు. పెళ్లికి ముందు గానీ తర్వాత గానీ నీ పాత అప్పు కాగితం దేని మీదా ఆవిడ సంతకం ఉండకూడదు. ఇది ఆవిడకు నువ్వే ముందు చెప్పు. పట్టుచీర కంటే బాగా పనిచేస్తుంది.

మీ ఆవిడ బంగారం ముట్టుకోకు. చట్టం ప్రకారం దాని మీద నీకూ హక్కుంది, పాపకూ ఉంది. అయినా అది మొత్తం పాపదే అనుకొని వేరుగా పెట్టు. ఇప్పటికే తాకట్టులో ఉంటే, అన్నిటికంటే ముందు విడిపించాల్సింది అదే.

ఆవిడ వైపు చూసుకోవాల్సింది ఒక్కటే. విడాకులు అన్నావు, కోర్టు డిక్రీ ఉందా? మన వైపు పెద్దమనుషులు కూర్చొని స్టాంపు పేపరు మీద రాయించుకొని విడిపోయామంటారు. అది మామూలుగా చెల్లదు. డిక్రీ వచ్చాక కూడా అప్పీలు గడువు 90 రోజులు దాటాలి. ఇది ఇప్పుడే అడిగేది కాదు. మాట ఆ దాకా వచ్చినప్పుడు మొహమాటపడకుండా అడుగు. తను జిరాక్స్ షాపు మనిషి, కాపీ తీసి చేతిలో పెడుతుంది.

పాప గురించి పెద్దగా చెప్పను, ఎందుకంటే పెద్దగా చేయాల్సింది లేదు. "కొత్త అమ్మ" అనే మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూడు, ముఖ్యంగా చుట్టాలు. మా వాడు మా ఆయన్ను "ప్రెస్సు అంకుల్" అన్నాడు, ఇవాళ్టికీ అంకులే. తన పెళ్లి కార్డులో మాత్రం అడక్కుండానే రెండు పేర్లూ వేయించాడు, ఒకదాని ముందు కీర్తిశేషులు అని. స్కూలు ప్రాజెక్టుకు రంగు ప్రింట్లు కావాలంటే పాపను ఆ షాపుకు తీసుకెళ్లు. పని మీద వెళ్లినట్టు వెళ్లి, పని చూసుకొని రండి. పిల్లలకు పెద్దవాళ్లు ఒకళ్లనొకళ్లు ఎలా చూసుకుంటున్నారో మనకంటే ముందు తెలుస్తుంది.

అత్తమామలకు మాత్రం నువ్వే స్వయంగా వెళ్లి చెప్పు, అదీ అందరికంటే ముందు. గుంటూరు సంగతి నాకు తెలుసు. శంకర్ విలాస్ సెంటర్‌లో మీరిద్దరూ టీ తాగితే, గ్లాసు కింద పెట్టేలోపు లక్ష్మీపురంలో తెలిసిపోతుంది. ఆ ముసలివాళ్లు కూతుర్ని పోగొట్టుకున్నారు. మనవరాలిని కూడా పోగొట్టుకుంటామన్న భయం తప్ప వాళ్ల కోపంలో ఇంకేమీ ఉండదు. పాప సెలవులకు ఎప్పట్లాగే అక్కడికే వస్తుందని మొదటి మాటగా చెప్పి, తర్వాత రెండో మాట చెప్పు.

ఇంకొకటి, నువ్వు అడగలేదు గానీ. వేళాపాళా చూసుకో. హాల్ టికెట్ల సీజన్లో వెళ్లి బల్లకు ఆనుకొని నిలబడకు, వెనక ఇరవై మంది పిల్లలుంటారు. జిరాక్స్ షాపు మనిషికి తీరిక దొరికేది మధ్యాహ్నం రెండింటి తర్వాత, లేదా కరెంటు పోయినప్పుడు. వేసవిలో యార్డుకు సెలవులిస్తారు కదా, అప్పటిదాకా ఆగుదామనుకోకు. అప్పటికి నీ ఆధార్ నిజంగానే అరిగిపోతుంది. ఇంకో విషయం, చొక్కా మార్చుకొని సెంటు కొట్టుకొని వెళ్లాలని ఇప్పటికే అనుకుని ఉంటావు. వద్దు. తుమ్మకపోతే వచ్చింది నువ్వో కాదో ఆవిడకెలా తెలుస్తుంది?

ఈ ఆదివారం పాప పడుకున్నాక కూర్చొని ఆ 23 లక్షలూ ఒక తెల్ల కాగితం మీద వరసగా రాయి. ఎవరికెంత, వడ్డీ ఎంత, నెలకెంత కడుతున్నావు, ఎన్నేళ్లు పడుతుంది. కింద గీత గీసి, రావలసినవి ఏమైనా ఉంటే అవీ రాయి. ఎంత చిన్నదైనా సరే. సోమవారం మధ్యాహ్నం పన్నెండోసారి వెళ్లు. ఈసారి ఆధార్ కాదు, ఆ కాగితం ఇచ్చి రెండు కాపీలు తీయమను. చదవకుండా తీసే జిరాక్స్ షాపు వాళ్లను నేనింతవరకూ చూడలేదు. ఆవిడ చదివేటప్పుడు ఏమీ మాట్లాడకు, రోడ్డు వైపు చూస్తూ నిలబడు. చదవడం అయ్యాక ఒక కాపీ ఆవిడ దగ్గరే ఉంచమను. కాపీకి రెండు రూపాయలంటే నాలుగవుతుంది. జేబులో ఎంతున్నా సరే, రెండే ఇచ్చి, రెండు రూపాయలు బాకీ పెట్టి వచ్చేయ్.